‘పావురాల లోకం’ ఆఖరి సంచిక

గుంటూరు లాలాపేటలో కోళ్ళు మొహిద్దీన్ బాషా ట్రెడిల్ అచ్చు మిషను చప్పుడు విని నిద్ర లేస్తాయి. కోడి కళ్ళు నులుముకునేసరికి బాషా తెల్లవారుజాము నమాజు ముగించి, మేడ మీది పావురాలకు జొన్నలు చల్లి, కిందికి దిగి మిషను పెడలు మీద కాలు వేసి అరగంట అయ్యుంటుంది. ఆ కాలు సామాన్యమైంది కాదు. ముప్ఫై ఏళ్ళుగా అది తొక్కిన తొక్కుడంతా రోడ్డు మీద తొక్కి ఉంటే, మనిషి కాశ్మీరం దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, ఆ రుచి నచ్చక మళ్ళీ లాలాపేటకే వచ్చి తాగేవాడు.

పక్కనే చాప మీద ఆయన భార్య మస్తాన్‌బీ దబ్బనంతో పేజీలు కుడుతుంటుంది. కూతురు గుల్షన్ చెక్క గళ్ళ ముందు నిలబడి సీసపు అక్షరాలు ఏరి వరసలు పేరుస్తుంటుంది. ఆ పిల్ల బీకాం చదివింది. కళ్ళకు గంతలు కట్టి తలకిందులుగా వేలాడదీసినా ‘ఝ’ ఏ గడిలో ఉందో తడిమి తీసేస్తుంది. ముగ్గురూ కలిసి నెలకొకసారి బయటికి తెచ్చేది ‘పావురాల లోకం’. పావురాలు పెంచే సరదా ఉన్నవాళ్ళకు తెలుగులో ఆ పత్రికే దిక్కు.

ఒకప్పుడు అది తలగడంత ఉండేది. పొన్నూరులో ఒకాయన నిజంగానే తల కింద పెట్టుకుని పడుకునేవాడు; పొద్దునే లేచి పావురాల గురించి ఎవరికీ తెలియని సంగతులు చెప్పేవాడు. పోస్టుమాన్ సైకిలు వెనక కట్ట పెట్టుకుంటే ముందు చక్రం గాల్లోకి లేచేది. ఏ వయసులో ఏ గింజ పెట్టాలి, రెక్క విప్పే తీరు చూసి వాన ఎలా చెప్పాలి, ఎవరి పావురం ఎంతసేపు ఎగిరింది, అన్నీ అందులోనే. పావురాల జలుబు మీద ఈ కథ చెబుతున్న మనిషి రాసిన ఉత్తరం అచ్చయిన నెలలో, మూడు తాలూకాల్లో ఒక్క పావురం తుమ్మితే ఒట్టు!

తర్వాత ఫోన్లొచ్చాయి. జలుబు చేసిన పావురం వీడియో, మందు పోసే వీడియో, నయమైపోయి ఎగిరిపోయే వీడియో, అన్నీ ఊరికే అరచేతిలోకి వచ్చి పడ్డాయి. తలగడ కాస్తా పలకంత అయింది. పలక పంచాంగమంత అయింది. ప్రకటనలిచ్చే దాణా కొట్లవాళ్ళు బాషా ఎదురైతే ఫోను చెవిలో పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు.

పదహారు పేజీలకు దిగిన నెల నుంచి పత్రిక ఎగరడం మొదలుపెట్టింది. కుట్టి పక్కన పెట్టిన ప్రతి నెమ్మదిగా లేచి దూలానికి ఆనుకుంది. మస్తాన్‌బీ చీపురుతో దాన్ని కిందికి లాగి, మీద రోకలి పెట్టి, తర్వాతి ప్రతి కుట్టుకుంది. మరుసటి నెల నుంచి కట్టకొక ఇటుక పెట్టారు. పోస్టుమాన్ ఒక్కో ప్రతికీ దారం కట్టి, దారాలన్నీ హ్యాండిలుకు చుట్టి, పత్రికలు నెత్తి మీద ఎగురుతుండగా బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. చందాదారులకు హాయిగా ఉండేది. దారం బొటనవేలికి చుట్టుకుని నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే పత్రిక మొహానికి జానెడు ఎత్తున నిలబడేది. పేజీ తిప్పాలంటే ఉఫ్‌మని ఊదితే చాలు.

ఇబ్బంది పడింది మిరపకాయ బజ్జీల జయరావు ఒక్కడే. పాత సంచికలు పొట్లాలకు తీసుకెళ్ళేది ఆయనే.

“బాషాగారూ, మీ కాగితం ఇంక నాకొద్దండి,” అన్నాడు ఒకరోజు వచ్చి. “రెండు బజ్జీలు పెడితే పొట్లం లేచిపోతోంది. నాలుగు పెడితే గానీ చేతిలో నిలవడంలేదు. రెండు తినేవాడి చేత నాలుగు తినిపిస్తున్నాను. మర్నాడు పొద్దున వాళ్ళు నన్ను ఏమని తలుచుకుంటున్నారో మీకు తెలుసా అండి?”

బాషా నవ్వాడు గానీ, ఆ మాట గుచ్చుకుంది. చదివేవాళ్ళు ఎటూ తగ్గిపోయారు. చివరికి బజ్జీలు కూడా వద్దనేశాయి.

ఆ ఫిబ్రవరిలో పత్రిక ఒకే ఒక్క కాగితానికి దిగింది. అదీ ఒక పక్కే అచ్చు. రెండో పక్క వేయడానికేమీ లేక తెల్లగా వదిలేశారు. కుట్టే పని పోయి మస్తాన్‌బీ దబ్బనం తీసుకెళ్ళి వంటింట్లో పెట్టుకుంది. బాషా మిషను ఆపి, చేతులు తుడుచుకుని, మాట చెప్పేశాడు.

“ఇదే ఆఖరిది. చీమకుర్తిలో గ్రానైటు యజమాని ఒకాయన మన మిషను గెస్టుహౌసులో పెట్టుకుంటాడట. సోమవారం లారీ వస్తుంది.”

“గెస్టుహౌసులో దేనికి?” అంది మస్తాన్‌బీ.

“అలంకారానికి.”

“ముప్ఫై ఏళ్ళుగా నా ఇంట్లో ఉంది, ఒక్కరోజన్నా అలంకారంగా కనపడలేదే!”

గుల్షన్ చేతిలో అక్షరం గడిలో పడేసింది. “నాన్నా, పత్రిక నాకివ్వు. నేను నడుపుతాను.”

“ఇవ్వడానికి ఏముందమ్మా? ఒక్క కాగితం! దాన్ని కూడా గట్టిగా పట్టుకోకపోతే పోతోంది. బాషా కూతురికి కాగితం ముక్క వదిలాడని పదిమందీ నవ్వరూ? బ్యాంకు పరీక్ష రాసుకో.”

“బ్యాంకులో ఉండేవి కూడా కాగితాలేగా.”

“అవి ఎగరవు,” అన్నాడు బాషా.

వాదన అక్కడితో అయిపోయింది. గుల్షన్ ఆ రోజంతా అక్షరాల్ని గళ్ళలోకి విసిరికొడుతూనే ఉంది. ఆ పిల్ల అలా ఉంటే ఆ వీధిలో ఫ్యాన్లు కూడా చప్పుడు చేయడానికి జంకుతాయి.

ఆఖరిది కదా అని బాషా మిగిలిన కాగితమంతా మిషనెక్కించాడు. ఇంటినిండా కట్టలు, కట్టల మీద ఇటుకలు. ఇల్లు మళ్ళీ కడుతున్నారేమోనని మేస్త్రీలు వచ్చి అడిగి వెళ్ళారు. ఆ సంచికలో ఉన్న వార్త కూడా ఒకటే: చెంచయ్య పిలుపు.

చెంచయ్యది పెదనందిపాడు అవతల ఊరు. మిరప పొలాలున్నాయి, పావురాలున్నాయి, అన్నిటికంటే పెద్ద గొంతుంది. ఆయన గట్టు మీద దగ్గితే చిలకలూరిపేటలో బస్సు ఆపుతారు. గుంటూరులో అపార్టుమెంట్లూ టవర్లూ పెరిగి పావురాల పందేనికి ఆకాశం చాలడం లేదని, ఈ ఏడు తన పొలంలో పెట్టుకోమని పిలిచాడు. బాషా ఆ పిలుపును తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేశాడు.

పందెం సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. తెల్లవారుతూనే పావురాల్ని వదులుతారు; అన్నిటికంటే ఆఖర్న దిగింది గెలిచినట్టు. మామూలు పావురానికి గూడు ఇల్లు. ఈ పావురాలకు యజమాని ఎక్కడుంటే అదే ఇల్లు. ఆయన కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఊపితే దిగొద్దని, తెల్లగుడ్డ ఊపితే దిగమని. గుడ్డు పగిలిన రోజు నుంచి వాటికి అదే చదువు. ఇక రెండో ముక్క: గెలుపు ‘పావురాల లోకం’లో పడితేనే గెలుపు. అచ్చులో రాకపోతే ఎంతసేపు ఎగిరినా అది షికారు కిందే లెక్క.

ఆ ఆదివారం మంచు కురుస్తుండగానే చెంచయ్య పొలానికి బుట్టలు దిగాయి. ఆటోల్లో, బైకుల మీద, ఒంగోలు నుంచి ఒకాయన అయితే బస్సులో పావురాలకు కూడా టిక్కెట్టు తీసుకుని వచ్చాడు. బాషా, గుల్షన్ చందాదారులకు టపాలో పోగా మిగిలిన ఆఖరి సంచికలు అందరికీ పంచుదామని కట్టలన్నీ ఇటుకలతో సహా ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి, కల్లం పక్కన దించారు. పొన్నూరు బియ్యం వ్యాపారి మాలిక్ వస్తూనే మొదలుపెట్టాడు.

“ఏరా చెంచయ్యా, నీ పావురాలు ఎగురుతాయా, మిరపకాయలు తిని నీళ్ళ తొట్టి దగ్గరే కూర్చుంటాయా?”

“ఒరేయ్ మాలిక్, నీవి బియ్యం తిని కోళ్ళయిపోయాయంట! పందేనికి తెచ్చావా, బిర్యానీకి తెచ్చావా?”

బుట్టలు తెరిచారు. అన్ని పావురాలూ ఒక్కసారి లేచేసరికి, అప్పుడే గట్టెక్కుతున్న సూర్యుడు దారివ్వడానికి కాసేపు ఆగాడు. అందరూ ఎర్రగుడ్డలు ఊపారు. పావురాలు చుక్కలై, చుక్కలు నలుసులై పైకి వెళ్ళిపోయాయి. ఆ సమయానికి కల్లాలన్నిటి మీదా నీలం పట్టాలు కప్పి ఉన్నాయి. ఆరబోసిన మిరపకాయలు రాత్రి మంచుకు తడవకుండా కప్పుతారు, ఎండెక్కగానే తీసేస్తారు. ఏటా చూసే పనే. ఏటా చూసేదే కాబట్టి ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు.

ఎండెక్కింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు చుట్టుకుని పట్టాలు లాగేశారు. చెంచయ్య కల్లం, పక్క కల్లం, ఆ పక్కది, దాని అవతలిది. చూస్తుండగానే భూమి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎర్రబడింది.

పైనున్న పావురాలు కిందికి చూశాయి. అంత పెద్ద ఎర్రగుడ్డ వాటి ముత్తాతలు కూడా చూసి ఉండరు. మారుమాట లేకుండా ఇంకో మైలు పైకి వెళ్ళాయి.

మధ్యాహ్నం దాకా అందరూ మురిసిపోయారు. “నా పావురం దిగలేదు, చూశావా!” “నాది మాత్రం దిగిందా!” భోజనాలయ్యాక ఒకరిద్దరు తెల్లగుడ్డలు ఊపారు. దిగలేదు. అందరూ ఊపారు. దిగలేదు. చెంచయ్య పంచె విప్పి కర్రకు కట్టి, చారల నిక్కరుతో గట్టు మీద పరుగులు పెడుతూ ఊపాడు. పై నుంచి చూసేవాళ్ళకు అది ఎర్రసముద్రంలో మెతుకంత కూడా కాదు.

“పట్టాలు కప్పండర్రా!” అని అరిచాడు. ఆయన కల్లం కప్పారు. పావురాలు పక్క కల్లం చూశాయి. పక్కాయన్ని బతిమాలి అదీ కప్పారు. పావురాలు దాని పక్కది చూశాయి. ఒంగోలు దాకా ఎంతమందిని బతిమాలతారు?

పొద్దు వాలేసరికి రెక్కల ఊపు తగ్గింది. కొన్ని గాలికి పక్కకు జారిపోతున్నాయి. మాలిక్ టోపీ తీసి చేత్తో నలుపుతూ చెంచయ్య పక్కకు వచ్చాడు.

“ఒరేయ్, పందెం నువ్వే గెలిచావు పో. నా పిల్లల్ని దింపరా.”

“నేనెక్కడ దింపేదిరా,” అన్నాడు చెంచయ్య. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. “నావి కూడా అక్కడే ఉన్నాయిగా.”

బాషా గట్టు మీద కూలబడ్డాడు. “పెద్దక్షరాల్లో వేశానే తల్లీ. నా పత్రిక చూసే వచ్చారంతా. ముప్ఫై ఏళ్ళు పావురాలు బతికే సంగతులు వేసి, ఆఖరికి ఇది వేశాను.”

గుల్షన్ ఆకాశం చూసింది, ఎర్రటి పొలాలు చూసింది, ఎవరూ ముట్టుకోని కట్టలు చూసింది. చున్నీ నడుముకు బిగించి ఒక్క కేక వేసింది. చెంచయ్య దగ్గు దాని ముందు గుసగుస.

“అక్కా! పిన్నీ! అందరూ రండి! ఇటుకలు తీయండి! అచ్చు కిందికి, తెల్లవైపు పైకి పెట్టి వదలండి!”

కూలి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇటుకలు లేచాయి. కాగితాలు లేచాయి. ముందు పది, తర్వాత వంద, తర్వాత లెక్కపెట్టేవాడు లేనన్ని. తాటిచెట్టంత ఎత్తుకు వెళ్ళి, గాలి లేని ఆ సాయంత్రం ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని నిలబడ్డాయి. కింద ఉన్నవాళ్ళకు నెత్తిన అక్షరాల పందిరి. పైన ఉన్న పావురాలకు, ఎర్ర నేల మీద పరిచిన తెల్లటి పక్క.

మొదట ఒక బూడిదరంగు పావురం రెక్కలు ముడుచుకుని రాయిలా దిగింది. ఒక కాగితం మీద వాలింది. కాగితం కొంచెం ఊగి, ఆ బరువుకు నెమ్మదిగా, ఆసుపత్రి లిఫ్టు కంటే పదిలంగా కిందికి వచ్చి మిరపకాయల మీద ఆగింది. పావురం చుట్టూ చూసి, ఒంగోలాయన భుజమెక్కింది. ఆ తర్వాత వానే. ఒక్కో పావురం ఒక్కో సంచిక ఎక్కి దిగింది. దిగిన సంచిక మళ్ళీ లేవకుండా కూలి ఆడవాళ్ళు దాని మీద గుప్పెడు మిరపకాయలు పోశారు. మనుషులు మిరపకాయల్లో పడి పరుగెత్తారు. పావురాల్ని ముద్దులు పెట్టుకుని తుమ్మారు, తుమ్మి మళ్ళీ ముద్దులు పెట్టుకున్నారు. కళ్ళనీళ్ళు మిరప ఘాటుకేనని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఆఖర్న రెండే మిగిలాయి: మాలిక్‌గారి నల్లది, చెంచయ్యగారి చుక్కలది. రెండూ ఒకే కాగితం మీద వాలి గుల్షన్ కాళ్ళ ముందు దిగాయి. అంతే, పొద్దుటి గొంతులు రెండూ తిరిగొచ్చాయి.

“నాదే ఆఖర్న దిగింది!”

“పోరా! నీది ముందు కాలు పెట్టింది, నేను చూశాను!”

“నిక్కరుతో ఉన్నవాడు సాక్ష్యం చెప్పకూడదు!”

చెంచయ్య గబగబా పంచె చుట్టుకుని గుల్షన్ వైపు తిరిగాడు. “కోడలా, నువ్వు పక్కనే ఉన్నావు. చూశావా లేదా?”

“చూశాను మావయ్యా.”

“మరి చెప్పు, ఏది గెలిచిందో!”

“చెబుతాను. వచ్చే నెల అచ్చులో చదువుకోండి.”

అందరూ బాషా వైపు చూశారు.

“అదేంటమ్మా, ఆఖరి సంచిక అని వేశాం కదా,” అని గొణిగాడు బాషా.

“ఆఖరిదేంటి బావా!” చెంచయ్య అరుపుకు దిగిన పావురాలు సగం మళ్ళీ లేచాయి. “నేను గెలిచిన ఏడే పత్రిక ఎత్తేస్తావా? నీకు నా మీద అంత కోపమేంటి?”

“వాడు గెలవలేదు గానీ, ఎత్తేయడం మాత్రం కుదరదు,” అన్నాడు మాలిక్. “కాగితం నేను తోలతాను. తలగడంత వెయ్యి. పాత రోజుల్లో లాగా!”

“వద్దు చిన్నాన్నా,” అంది గుల్షన్. “పేజీలు పెంచితే ఎగరదు.”

బాషా మిరపకాయల కింద ఉన్న సంచికల్ని ఒక్కొక్కటీ ఏరి, దుమ్ము దులిపి, ఎగిరిపోకుండా కాలితో అదిమిపెట్టుకుంటూ ఆ పిల్ల చేతికి అందించడం మొదలుపెట్టాడు.

సోమవారం చీమకుర్తి లారీ లాలాపేట సందులోకి వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు తలుపులోంచి తొంగిచూస్తే మిషను చప్పుడు చేస్తోంది.

“మిషను ఖాళీ లేదు బాబూ,” అన్నాడు బాషా కాలు ఆపకుండా. “టీ తాగి వెళ్ళు.”

డ్రైవరు టీ తాగాడు. దూలానికి ఆనుకున్న ప్రూఫు కాగితాన్ని మెడ పైకెత్తి చదివాడు. క్వారీ దగ్గర తన షెడ్డులో కూడా ఒక పావురాల జత ఉందని చెప్పి, చందా రాయించుకుని ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

ఆ ప్రూఫులో గుల్షన్ వేసిన ఫలితం ఇది: “మొదటి బహుమతి ‘పావురాల లోకం’ సంచికకు. ఒక ప్రతి మీద ఏ పావురమూ వాలలేదు. అది ఇంకా కిందికి దిగలేదు.” తర్వాత అచ్చులో ఆ వార్త చదివి చెంచయ్య మాలిక్‌కు ఫోను చేసి, నువ్వు గెలవలేదుగా అని గంటసేపు నవ్వాడు. మాలిక్ కూడా అదే మాట అని అదే గంట నవ్వాడు.

అచ్చుకు ముందు ఇంకో చిన్న పని మిగిలింది. బాషా సీసపు అక్షరాలు ఏరి ‘సంపాదకురాలు: గుల్షన్’ అని స్వయంగా పేర్చాడు. తెచ్చి చట్రంలో పెట్టబోతే చోటు లేదు. ఉన్నది ఒకే కాగితం, దాని నిండా వార్తలే.

“ఫలితంలో ఒక వరస తీసేస్తాలే నాన్నా,” అంది గుల్షన్.

“వార్త తీయకూడదు,” అన్నాడు బాషా. అక్షరాలు ఊడదీసే చిమటా తీసుకుని, ముప్ఫై ఏళ్ళుగా పైవరసలో ఉన్న తన పేరు ఒక్కో అక్షరమే ఊడదీసి గళ్ళలో వేశాడు. ఆ ఖాళీలో కూతురి పేరు కొలిచినట్టు కూర్చుంది. చట్రం బిగించి, కాలు వేసి, మొదటి కాగితం తీశాడు.

కాగితం ఆయన చేతిలో నిలవలేదు. దూలం దగ్గర కూడా ఆగలేదు. కిటికీలోంచి దూరి, మేడ దాటి, అపార్టుమెంట్లు దాటి, సెల్ టవర్ కొన దాటి పైకి వెళ్ళిపోయింది. తండ్రీ కూతుళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా మస్తాన్‌బీ వంటింట్లోంచి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసింది.

“చూశారా,” అంది భర్తతో, “ఇన్నాళ్ళూ అంత బరువూ మీ పేరుదే!”